ముసలమ్మ తినడం లేదు

జూన్ 9, ఆదివారం

ఇవాళ విన్నది తలలోంచి పోవడం లేదు. రాస్తే తగ్గుతుందేమో.

ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబడి ఉంటే, కొన్ని వారాలుగా వెనక బల్ల మీద కూర్చుని మమ్మల్ని చూసి వెళుతున్న కాలేజీ ఆవిడ మా ఆయన దగ్గరికి వచ్చింది. పాముల మీద పెద్ద చదువు చదివిన మనిషి. మంచిదే పాపం, మార్కు సువార్తలో రాసినట్టు మేం ఆరాధనలో విషప్పాముల్ని చేత్తో ఎత్తుతుంటే చూసి ఎగతాళి చేసే రకం కాదు.

“బ్రదర్ ఆర్విల్, మరోలా అనుకోకండి. మీరు పట్టి తెచ్చిన పాములు పెట్టెల్లో ఏమీ తినవు కదా. ఎండిపోయి ఉన్నాయవి. ఓపిక లేని పాముకి కరవాలని ఉండదు, కరిచినా విషం అంతగా దిగదు. మీరు చేత్తో ఎత్తినా ఏమీ కాకపోవడానికి అదీ ఓ కారణమేమో” అంది.

ఆర్విల్ ఊరుకునేవాడే. కానీ పక్కన తమ్ముడు డెన్జిల్ ఉన్నాడు. “అయితే అన్నయ్యా, ఇన్నాళ్ళూ నిన్ను కాచింది ప్రభువు కాదన్నమాట, పాము ఆకలన్నమాట!” అని తొడ చరుచుకుని నవ్వాడు. వాడి నోరు పడిపోను. కాటు తిని ఒక వేలు ఎండిపోయింది, అయినా బుద్ధి రాలేదు.

ఆర్విల్ కూడా నవ్వాడు. పళ్ళు కనిపించాయి గాని కళ్ళు కదలలేదు.

ఇంటికి రాగానే వెనక గదిలోకి వెళ్ళి ముసలమ్మ పెట్టె ముందు నిలబడ్డాడు. మే నెలలో కొండ మీద పట్టి తెచ్చాడు దీన్ని. తోకకు గిలక్కాయలా మోగే గిలక ఉన్న పసుపుపచ్చ పాము, ఆర్విల్ మణికట్టంత లావు. విసుగ్గా చూసే ఆ చూపు చూసి ముసలమ్మ అని నేనే పేరు పెట్టాను. ఏటా వసంతంలో పట్టి తెస్తాం, వేసవంతా చర్చికి తీసుకెళతాం, చలి రాకముందే దాని కొండ మీద దాన్ని వదిలేస్తాం. మధ్యలో తిండి సంగతి ఎవరూ అనుకోరు. పాములూ అడగవు.

“డెల్ఫీ, దీన్ని మేపాలి” అన్నాడు. “ఆగస్టులో పెద్ద కూడిక నాటికి ఇది నిగనిగలాడాలి. మూత తీస్తే బుస్సుమనాలి. అందరి ముందూ అప్పుడెత్తుతా. నన్నెవరు కాస్తున్నారో అప్పుడు తేలుతుంది.”

“నువ్వే మేపుకో” అన్నాను.

“నాకు గనిలో డ్యూటీ కదే. ఇంట్లో ఉండేది నువ్వు. నీ చేతి వంట కాదన్నవాడెవడు?”

జోకు వేశాననుకున్నాడు. మా మామగారు పోయింది ఆ గదిలోనే, ఆ కిటికీ కింది మంచం మీదే. పాము కరిచి చెయ్యి భుజం దాకా నల్లబడినా, ప్రభువే చూసుకుంటాడని డాక్టరును గడప తొక్కనివ్వలేదు. ఆర్విల్ కూడా తొక్కనివ్వడు. పెళ్ళికి ముందే నా చేత మాట తీసుకున్నాడు.

జూన్ 12

తెల్ల ఎలుకను కొని తెచ్చి పెట్టెలో వేశాను. ముసలమ్మ దాని వంక చూడనైనా లేదు. ఎలుక వెళ్ళి దాని వీపెక్కి ముఖం తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపు చూసి ఎలుకను తీసేశాను.

పాముకు పాలు పోసి పెంచడమంటే వినడమే గాని నా మెడకే పడుతుందనుకోలేదు.

జూన్ 15

తినలేదు.

పాముకి వెచ్చగా ఉండాలని ఆర్విల్ పెట్టె కింద పరిచిన కరెంటు వేడి ప్యాడ్ ప్లగ్గు ఊడిపోయి ఉంది. ఈ ఇంట్లో సాకెట్లన్నీ వదులే.

జూన్ 20

పట్నంలో పెంపుడు జంతువుల షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ముక్కుకు రెండు రింగులున్న పిల్ల. చర్చి కోసం ఇంట్లో విషప్పాము ఉంచామని చెబితే పోలీసుల్ని పిలుస్తుందేమోనని, మా చెల్లెలు పెంచుకుంటున్న మామూలు పాము అని బొంకాను.

“ముందు వెచ్చగా ఉండాలండీ. చలిగా ఉంటే తిన్నది అరగదని దానికి తెలుసు, అందుకే ముట్టదు. చచ్చిన ఎలుకని జుట్టారబెట్టే మెషీన్‌తో వెచ్చచేసి, పట్టకారుతో పట్టుకుని ఆడించండి. పెట్టె మీద గుడ్డ కప్పి అవతలికి వెళ్ళిపోండి. ఎదురుగా నిలబడి గుడ్లప్పగించి చూస్తే మీకైనా ముద్ద దిగుతుందా?” అంది.

అన్నీ చేశాను. నా జుట్టు మెషీన్‌తో ఎలుకకి వేడిగాలి పట్టాను. ఇక ఆ మెషీన్ తలకి పెట్టుకోలేను.

తినలేదు.

జూన్ 21

ప్లగ్గు మళ్ళీ ఊడింది.

జూన్ 26

తినలేదు. ప్లగ్గు.

జూలై 7, ఆదివారం

ఇవాళ డెన్జిల్ తెచ్చిన పాముల్ని ఎత్తారు. ఆర్విల్ రెండు చేతుల్లో రెండు పాములు.

నాకు విశ్వాసం లేదని ఎవరైనా అంటే ఊరుకోను. ఆ చర్చిలో పుట్టాను. పరిశుద్ధాత్మ అభిషేకం మీదికి దిగినప్పుడు ఆర్విల్ ముఖం నేను చూశాను. చేతివేళ్ళు చల్లబడతాయట, నోట్లో తియ్యగా అనిపిస్తుందట, చుట్టూ ఎవరున్నారో తెలియదట. ముఖంలో ముడతలన్నీ పోయి, పెళ్ళినాటి కుర్రవాడైపోతాడు. అది దిగనిదే పెట్టె మూత మీద చెయ్యి వెయ్యడు. దిగకుండా వేస్తే దేవుణ్ణి పరీక్ష పెట్టడమే అంటాడు. నేనెరిగి ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నిద్రపోతున్నాను.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. పెద్ద కూడిక రోజు ఆర్విల్ ఎందుకు లేస్తాడో నాకు తెలియడం లేదు. అభిషేకం దిగి లేస్తాడా, కాలేజీ ఆవిడ చూస్తోందని లేస్తాడా?

ముసలమ్మ తినకపోతే ఆర్విల్ బతుకుతాడు.

ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

జూలై 11

ప్లగ్గు.

జూలై 15

ముసలమ్మ వెన్నెముక పైకి తేలింది. చర్మం రెండు వైపులా మడతలు పడి వేలాడుతోంది. నేను దగ్గరికి వెళితే తల కూడా ఎత్తలేదు.

దాని ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరికోసమో తెలియలేదు. అది నన్నేం చేసింది? తన కొండ మీద తన బతుకు బతికేది. తీసుకొచ్చి పెట్టెలో పెట్టింది మేము. తిండి పెట్టకపోతే మేమే చంపినట్టు కదా. మేమంటే ఎవరు? నేనే.

ఆర్విల్ డ్యూటీ నుంచి వచ్చి చూశాడు. బొగ్గు ముఖం కడగకుండానే పెట్టె మీదికి వంగాడు. ప్యాడ్ మీద చెయ్యి వేసి చూశాడు.

“చల్లగా ఉందేమిటి?”

“సాకెట్ వదులు” అన్నాను.

నా ముఖంలోకి చూశాడు. నేను చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. వెనకే వచ్చాడు.

“ఇది తినేలా లేదు డెల్ఫీ. పోనీలే, దీన్ని వదిలేద్దాం. శనివారం నేనూ డెన్జిలూ కొండెక్కుతాం. ఇప్పుడక్కడ వేసవంతా తిని బలిసిన పాములుంటాయి. ఇంకోటి తెస్తా.”

గిన్నె జారి కాయలన్నీ నేలపాలయ్యాయి. ఇద్దరం వంగి ఏరాం.

జూలై 16

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ముసలమ్మ తినకపోతే, కొండ మీద నుంచి నిన్న మొన్న వేటాడిన పాము, మనిషి వాసనే ఎరగని పాము మా ఇంటికొస్తుంది. తింటే, ముసలమ్మే బలపడుతుంది. ముసలమ్మ నాకు తెలిసిన పాము. అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు.

ప్లగ్గు పెట్టాను. గట్టిగానే ఉంది సాకెట్.

జూలై 18

మా పిల్లి చారల ఉడుతను చంపి తెచ్చి వాకిట్లో పడేసింది. ఇంకా వెచ్చగా ఉంది.

దాన్ని చూడగానే వెలిగింది. నా తలలో ఉన్నది మెదడా, మట్టా? ముసలమ్మ పుట్టి బుద్ధెరిగాక తెల్ల ఎలుకను చూసిందా? కొండ మీద పడిపోయిన దుంగల పక్కన కాచుకుని ఈ ఉడుతల్నే తినేది. షాపు ఎలుకను పెట్టడమంటే నా ముందు కంచంలో కొవ్వొత్తి పెట్టి తినమన్నట్టే. ఈ కొండల్లో పుట్టి పెరిగిన దాన్ని, నాకు ముందే తట్టాలి.

తట్టలేదా? తట్టిందేమో.

ఉడుతను పట్టకారుతో పట్టుకుని చాలాసేపు గదిలో నిలబడ్డాను. ఇంకా పారేయవచ్చు, ఎవరికీ తెలియదు. ప్రభువా, నాకు చెప్పు అన్నాను. ఆయనేమీ చెప్పలేదు. దించాను.

నాలుక బయటికొచ్చింది. ఇన్నాళ్ళలో మొదటిసారి తల తిప్పింది. ఆ తరువాత ఏం జరిగిందో నా కంటికి ఆనలేదు, పట్టకారు నా చేతిలో అదిరింది, అంతే. నా చెయ్యి దాని పక్కనే ఉంది.

గుడ్డ కప్పి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తిరిగి వెళ్ళి చూస్తే ఉడుత లేదు. ముసలమ్మ నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంది. సంతోషమేసింది. నిజంగానే వేసింది, పిల్లకి జ్వరం తగ్గి గంజి తాగినప్పటి సంతోషం. ఆ వెంటనే వెళ్ళి వాంతి చేసుకున్నాను.

జూలై 28

ఇంకో రెండు ఉడుతలు తిన్నది. పెరట్లో బోను పెట్టి పడుతున్నాను. చర్మం బిగిసింది, రంగు తేలింది. గదిలోకి అడుగు పెడితే చాలు గిలక మోగుతుంది. వంటింట్లోకి వినిపిస్తుంది. అన్నం ముందు కూర్చున్నా అదే చప్పుడు.

ఆర్విల్ మహా సంబరంగా ఉన్నాడు. “చెప్పానా, నీ చేతి తిండి ఎవరైనా తినాల్సిందే!” అని నా భుజం తట్టాడు. డెన్జిల్ వచ్చి చూసి, ఎండిన వేలుతో పెట్టె ముందు అద్దం మీద టకటకలాడించాడు. అది లోపలి నుంచి అద్దం మీదికి దూకింది. అద్దం మీద రెండు తడి చారలు జారాయి.

డెన్జిల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “వదినా, మేపావు సరే, మరీ ఇంతగానా?” అన్నాడు. వాడు నవ్వకుండా మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు.

ఆ తడి నేనే తుడిచాను. చేతి తొడుగులు వేసుకుని, గుడ్డను పొయ్యిలో కాల్చేశాను.

ఆగస్టు 6

ఒక ఉపాయం తోచింది. పాము చావకుండా, కర్ర విరగకుండా.

ఆ చారల్ని తుడిచినప్పటి నుంచి అదే ఆలోచన. వాడేసిన విషం మళ్ళీ ఊరడానికి దానికైనా రోజులు పట్టాలి కదా. కూడికకు ముందు రోజు తినిపిస్తే? ఉన్న విషమంతా ఉడుత మీద పోతుంది. కడుపు నిండి మత్తుగా పడి ఉంటుంది. విందు భోజనం చేసిన మనిషి కొట్లాటకు దిగుతాడా? ఆర్విల్ దాన్ని ఎత్తుతాడు, అది బద్ధకంగా వేలాడుతుంది, అయిపోతుంది. ఆయన మాటా నిలుస్తుంది, నా కాపురమూ... లేదు, కాపురం మాట కాదు. ఆయన నాకు కావాలి. అంతే.

ఆగస్టు 10, శనివారం

పెట్టాను. పెద్ద ఉడుత. పట్టకారుతో ఆడించి ఒకటికి రెండుసార్లు కాటు వేయించాను. తరువాత మింగింది.

ఆర్విల్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు దగ్గర కాల్చేశాను, మడిచేస్తే కనబడదులే.

ఆగస్టు 11, ఆదివారం

బతికే ఉన్నాడు. ముందు అది రాయాలి. పక్కగదిలో ఉన్నాడు, దగ్గు వినిపిస్తోంది.

చర్చి కిటకిటలాడింది. పక్క రాష్ట్రం కెంటకీ నుంచి కూడా వచ్చారు. కాలేజీ ఆవిడ వెనక బల్ల మీదే ఉంది. గిటార్లు, కంజీరలు, చప్పట్లు, అందరూ చెమటలు. నేను మాత్రం ఆర్విల్ ముఖాన్నే చూస్తున్నాను. పాట పెరుగుతోంది, ఆయన ముఖం మారడం లేదు. ముడతలు ముడతల్లాగే ఉన్నాయి. వెనక్కి తిరిగి ఒకసారి ఆవిడ వంక చూశాడు, ఒకసారి డెన్జిల్ వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. నన్ను చూడలేదు. మూత తీశాడు.

గిలక చప్పుడుకి పాట ఆగిపోయింది. ముసలమ్మను రెండు చేతులతో ఛాతీ ఎత్తుకి లేపాడు. బరువుగా వేలాడింది. ఉన్నట్టుండి దాని మెడ ఉబ్బింది, నోరు ఇంత మేర తెరుచుకుంది, ఆయన గుండెకి ఎదురుగా. నేను అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు.

కక్కింది. నిన్నటి ఉడుత, సగం కరిగి, బొచ్చుతో సహా తెల్ల చొక్కా మీద పడింది. ఆ కంపు చెప్పలేను. ముందు బల్లలో ఒకామె ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది.

తరువాత మా పాస్టరు బ్రదర్ రడ్ గంతేశాడు. “చూశారా! కడుపునిండా తిన్న పాము! ఎండిన పాము కాదు, ఆకలి పాము కాదు! ఎవరు కాచారు? చెప్పండి, ఎవరు కాచారు?” ప్రభువే అని చర్చి కప్పు లేచిపోయేలా అరిచారు. డెన్జిల్ ఏడుస్తూ వచ్చి, ఆ కంపులోనే అన్నను కౌగలించుకున్నాడు. కెంటకీ పాస్టరు ఆర్విల్ భుజం పట్టుకుని, వచ్చే ఆదివారం ఈ పాముతో మా చర్చికి రావాలి అన్నాడు. ఆర్విల్ వస్తానన్నాడు.

తిరిగొస్తుంటే వాగు వంతెన దగ్గర ట్రక్కు ఆపి, చొక్కా విప్పి నీళ్ళలో ఉతకడం మొదలుపెట్టాడు. నేను ఒడ్డున నిలబడ్డాను.

“రాలేదు డెల్ఫీ” అన్నాడు.

“ఏం రాలేదు?”

“ఏమీ రాలేదు. వేళ్ళు చల్లబడలా, నోరు తీపెక్కలా. గిటార్ల మోత తప్ప ఏమీ లేదు. అయినా చెయ్యి పెట్టేశా. వాళ్ళంతా చూస్తున్నారుగా.” చొక్కాను రాయికేసి బాదాడు. “నిన్న దానికి తినిపించావు కదూ?”

“అవును.”

“ఎందుకు?”

“నువ్వు చచ్చిపోతావని.”

తిడతాడనుకున్నాను. చొక్కా పిండుతూనే ఉన్నాడు, నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉన్నాడు.

ఆగస్టు 13

పొద్దున కాఫీ తాగుతూ, కప్పులోకి చూస్తూ అన్నాడు: “శనివారం మళ్ళీ పెట్టు.”

అర్థమైంది. కాకపోతే బాగుండేది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయనకు లేదన్న ధైర్యంతోనే నా భయాన్ని మోశాను. ఇప్పుడు ఇద్దరిదీ నేనే మోయాలి.

“రానని వాళ్ళకి చెప్పొచ్చుగా” అన్నాను.

“ఏమని చెప్పను? అంతమంది స్తోత్రం అన్నారు.”

ఆగస్టు 14

షాపు పిల్లకు ఫోన్ చేశాను. “కక్కిందా? తిన్న మర్నాడే ఎత్తారా! రెండు మూడు రోజులు ముట్టుకోకూడదండీ. ఇక కొన్ని వారాలు ఏమీ తినదు, బలవంతం చేయకండి” అంది.

ఆర్విల్‌కు చెప్పలేదు. ముసలమ్మ మామూలు పాము కాదు, తింటుందేమో.

ఆగస్టు 15

తినలేదు.

ఆగస్టు 16

తినలేదు. గిలక మాత్రం మోగుతూనే ఉంది. ఆకలీ కోపమూ రెండూ కలిసినట్టున్నాయి.

ఆగస్టు 17, శనివారం

మధ్యాహ్నమే వచ్చేశాడు, ఒంట్లో బాగాలేదని చెప్పి. పొద్దున్నే బోనులో పడిన ఉడుతను నేనే సిద్ధం చేశాను. ఇద్దరం వెనక గదిలోకి వెళ్ళాం.

వెచ్చచేసి పెట్టాం. తినలేదు. గుడ్డ కప్పి బయట నిలబడ్డాం, మళ్ళీ వచ్చాం. తినలేదు. దుంగ ముక్క తెచ్చి పెట్టాడు, కొండ మీది ఎండుటాకులు వేశాడు. నేను ఉడుతను చిన్నగా కదిపాను. కదిపి కదిపి చెయ్యి పీకింది, పట్టకారు ఆయన అందుకున్నాడు. పెట్టె నేల మీద ఉంది కదా, వంగి వంగి నడుములు పట్టేసి ఇద్దరం కిందికి జారిపోయాం. ఆర్విల్ చెమటతో తడిసి ముద్దయ్యాడు.

“తినమ్మా” అన్నాడు. “తల్లీ, ఒక్కటి తిను. నీకు దణ్ణం పెడతా, తిను.”

“తినవే ముసలమ్మా” అని నేనూ అందుకున్నాను. “మా తల్లివి కదూ.”

ఇలా ఎంతసేపు బతిమాలామో. ఉన్నట్టుండి ఆర్విల్ నోరు ఆగిపోయింది. నా మోకాళ్ళ వంక చూశాడు, తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. పట్టకారు కింద పెట్టాడు.

“డెల్ఫీ, మనం ఎవరి ముందు మోకరిల్లాం?”

ఒళ్ళంతా చల్లబడిపోయింది. పాము కోరల కంటే, మామగారి నల్లటి చెయ్యి కంటే, నా బతుకులో నాకు వేసిన పెద్ద భయం అదే. మమ్మల్ని ప్రాణాలతో ఉంచమని ఇద్దరం ఒక పాముని అడుగుతున్నాం. మార్కు సువార్త కంఠతా వచ్చిన ఇద్దరం.

ఆర్విల్ లేవలేకపోయాడు. నేనే రెక్క పట్టి లేపాను. తిన్నగా వెళ్ళి కెంటకీకి ఫోన్ చేశాడు. “నేను రావట్లేదు బ్రదర్. పాముకి బాగానే ఉంది. నాకే బాగాలేదు. పోయిన ఆదివారం నా మీదికి ఏదీ దిగలేదు. ఉత్తినే ఎత్తాను.” అవతలివాళ్ళు ఏమన్నారో ఏమో, చాలాసేపు విని ఫోన్ పెట్టేశాడు.

పొద్దు ఉండగానే కొండెక్కాం. పట్టిన చోటే మూత తీసి పెట్టెను వాల్చాడు. ముసలమ్మ కదలలేదు. “పో” అన్నాడు. మా ఇద్దరి వంకా చూసి, ఏ తొందరా లేకుండా రాళ్ళ మధ్యకు పాకి వెళ్ళిపోయింది.

ఆగస్టు 18, ఆదివారం

చర్చికి వెళ్ళాం. ఆ ఫోన్ మాట అప్పటికే అందరికీ తెలుసు. బ్రదర్ రడ్ కరచాలనం చేశాడు గాని కళ్ళలోకి చూడలేదు. మాకోసం ముందు బల్ల ఖాళీగా ఉంచలేదు. వెనక్కి వెళ్ళి, కాలేజీ ఆవిడ ఉన్న బల్ల మీదే ఆ చివర కూర్చున్నాం. ఆవిడ కొంచెం జరిగింది.

బలిపీఠం పక్కన డెన్జిల్ కొత్త పెట్టె ఉంది. నిన్ననే కొండ మీద కొత్త పామును పట్టాడట. పాట మొదలయ్యే ముందు మా దగ్గరికొచ్చి, “అన్నయ్యా, నీకోసమే తెచ్చా. ఎవడేమన్నా ఇవాళ లేచి నోళ్ళు మూయించు” అని చెవిలో చెప్పి వెళ్ళాడు. మంచికే చెప్పాననుకుంటున్నాడు వెధవ.

పాట పెరిగింది. ఆర్విల్ కాళ్ళు ఆడటం మొదలైంది. నేను ఆయన కోటు అంచు గుప్పిట్లో పట్టుకున్నాను. ముఖంలోకి చూశాను. ముడతలు పోయినట్టు అనిపించింది. పోలేదేమో. వేళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి, కానీ నా వేళ్ళూ అలాగే ఉన్నాయి, ఎవరివి ఎందుకు చల్లబడ్డాయో తేల్చుకోలేకపోయాను. పెట్టె మూత తీసిన చప్పుడైంది. అందరూ మా వైపు తిరిగారు.

ఆర్విల్ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పాట ఆగేదాకా అలాగే ఉన్నాడు.

ఈ ఆదివారం లేవలేదు.